అపాపా రేవు ప్రభువులవారి కైవారం

సకల సాగరతీర సార్వభౌమా, గినీ సింధుశాఖా శిరోభూషణమా, పాపమెరుగని అపాపా ప్రభువా, జయము జయము! 1920లలో లాగోస్ మడుగు వాకిట నాలుగు లోతైన బెర్తులతో సింహాసనమెక్కి, నాటినుంచి నేటిదాకా గోధుమలు గానీ ఇనుము గానీ మందులు గానీ మోటారు విడిభాగాలు గానీ, ఇరవై కోట్లకు పైబడిన నైజీరియా ప్రజలకు ఏది చేరాలన్నా ముందు తమ చేతిని చేరి, ఆ చేతిని తడిపి, ఆ పిమ్మటే కదలాలన్న నియమాన్ని తరతరాలుగా కాపాడుకొస్తున్న తమ దీక్షను వర్ణించడానికి వేయి నాలుకల ఆదిశేషుడైనా చాలడు. ఆయన వచ్చినా గేటు పాసు లేనిదే లోపలికి రాలేడు కనుక, ఆ పని బయటనుంచే, ఉన్న ఒక్క నాలుకతో, చేతనైనంత చేస్తాను. చిత్తగించండి.

లోకంలో రేవులు లేక కాదు. సింగపూర్ ఉంది, రాటర్‌డామ్ ఉంది. ఓడ ఒడ్డు తాకిందో లేదో క్రేన్లు మీదపడి ఒలిచేసి, కెప్టెను కాళ్ళు చాచుకునేలోపే లంగరెత్తించి తరిమేసే ఆ రేవులకు మర్యాద ఎవరు నేర్పగలరు? వచ్చినవాణ్ణి ‘ఎప్పుడొచ్చావు’ అనే ముందే ‘ఎప్పుడు పోతావు’ అనడం తమ వంశంలో లేదు. తమ వాకిట లంగరేసిన ఓడ సముద్రపు గాలి తనివితీరా పీల్చి, పొరుగు ఓడలవారి కుటుంబ క్షేమాలన్నీ తెలుసుకుని, ఉత్తరాయణం కోసం వేచిన భీష్ముడంతటి నిబ్బరం అలవరచుకుంటే గానీ బెర్తు దర్శనానికి అర్హత రాదు. బెర్తు చేరాక మాత్రం ఆదరణకు కొదవుండదు. ఒక్కొక్క శాఖ నుంచి ఒక్కొక్క అధికారి ఓడ మెట్లెక్కి యోగక్షేమాలు విచారిస్తారు. అంతమంది ఆప్తుల్ని వట్టిచేతులతో పంపడం భావ్యం కాదని తెలిసిన కెప్టెన్లు ఈ నీళ్ళలోకి వచ్చేటప్పుడు సిగరెట్ కార్టన్లూ సీసాలూ నాలుగు ఎక్కువే వేసుకొస్తారు.

ఈ ఆతిథ్యం పరాకాష్ఠకు చేరిన 1975వ సంవత్సరాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. చమురు ధర నాలుగింతలై ఖజానా పొంగిపొరలుతున్న రోజులవి. సైన్యానికి బారకులు కావాలి, దేశానికి రోడ్లు కావాలి, అన్నిటికీ సిమెంటు కావాలి. సర్కారువారు 68 మంది వర్తకులతో 109 ఒప్పందాలు రాసుకుని, 1.6 కోట్ల టన్నులకు పైగా సిమెంటు పురమాయించారు. రేవు ఏడాదికి ఎంత దింపుకోగలదు అని అడిగే అల్పబుద్ధి ఆ కొలువులో ఒక్కరికీ లేకపోవడం ఆ కాలపు ఔదార్యానికి నిదర్శనం. ఎంత కిందామీదా పడ్డా పది నుంచి యాభై లక్షల టన్నులకు మించదని తరువాత కోర్టులవారు లెక్క తేల్చారు. వారికేం, లెక్కలు చూసుకునేవారు.

అప్పుడు వచ్చాయి ప్రభూ, ఓడలు! నాలుగు వందలకు పైగా, అందులో సగానికి మించి సిమెంటు మోసుకుని, తమ వాకిట సముద్రం మీద ఒక పట్టణమే వెలసినట్టు బారులు తీరాయి. సిమెంటు ఆర్మడా అని చరిత్ర దానికి పేరు పెట్టింది. తుక్కు దుకాణానికి పోవలసిన ముసలి ఓడలు సైతం తమ కీర్తి విని, పళ్ళు బిగించి ఆఖరి ప్రయాణం చేసి, ఇక్కడ లంగరేసి, ఊరికే నిలబడినందుకు రోజుకి వేల డాలర్ల డెమరేజి అందుకున్నాయి. అశక్తులైన ఓడలకు ఇంత ఉదారంగా పింఛను ఇచ్చిన రేవు భూమండలంలో మరొకటి లేదు. కొన్ని ఓడల్లో, దింపేవారి కోసం చూసీ చూసీ, తేమ తగిలిన సిమెంటు గర్భంలోనే గట్టిపడింది. కట్టడాల కోసం తెచ్చిన సిమెంటు ఓడలోనే కట్టడమైపోవడం వల్ల తాపీమేస్త్రీల కూలి ఎంత కలిసొచ్చిందో ఆర్థిక నిపుణులు ఎవరూ లెక్కించిన పాపాన పోలేదు.

ఆ జులై 29న, దేశాన్నేలుతున్న జనరల్ గోవన్ కంపాలాలో ఆఫ్రికా దేశాధినేతల సభలో ఉండగా లాగోస్‌లో ప్రభుత్వం మారింది. ప్రభుత్వం మారడానికి ఒక్క పూట చాలింది. ఓడల వరస కదలడానికి నెలల తరబడి పట్టింది. ఏది స్థిరం, ఏది అస్థిరం అన్న వేదాంత చర్చకు ఇంతకంటే స్పష్టమైన దృష్టాంతం నాకు తట్టడం లేదు.

కొత్త సర్కారు ఇక సిమెంటు వద్దు, డబ్బూ ఇవ్వం అనడంతో వర్తకులు కోర్టులకెక్కారు. రాజ్యం మీదా, రాజ్యపు బ్యాంకు మీదా పరదేశంలో దావా నడవదని నైజీరియా సెంట్రల్ బ్యాంకు వాదించింది. 1977లో లండన్‌లో న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్, ట్రెండ్‌టెక్స్ కంపెనీ వేసిన కేసులో ఆ వాదన తోసిపుచ్చి, వర్తకానికి దిగినవారికి వర్తకుల న్యాయమే వర్తిస్తుందన్నారు. 1981లో న్యూయార్క్‌లోని అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టూ అదే బాట పట్టింది. ఆనాటి నుంచి సార్వభౌమ రక్షణ అనే అధ్యాయం చదివే న్యాయ విద్యార్థి ఏ దేశంవాడైనా తమ లంగరు స్థలం మీదుగా వెళ్ళక తప్పదు. ఒడ్డుకు చేరని సిమెంటుతో అంతర్జాతీయ న్యాయానికి పునాది పోసిన ఘనత తమది.

అంత అనుభవం గడించినవారు పాఠం నేర్వకుండా ఉంటారా? 1977లో పక్కనే టిన్‌కాన్ ద్వీపం మీద రెండో రేవు తెరిచారు. ఒక రేవుకే చాలని దారి మీద రెండు రేవుల్ని కూర్చోబెట్టవచ్చునన్నదే ఆ పాఠం. 2006లో టెర్మినళ్ళను ప్రైవేటు కంపెనీలకు అప్పగించినప్పుడు ఓడ అంచున క్రేన్లు చురుకెక్కాయి. ఆ దుందుడుకుతనం చూసి తమ శ్రేయోభిలాషులు కొంత బెంగపడ్డారు గానీ, ఆ బెంగ అనవసరమని త్వరలోనే తేలింది. ఓడ దగ్గర మిగిలిన కాలాన్ని గేటు దగ్గర సవినయంగా వెచ్చించే ఏర్పాట్లు తమ ఆస్థానంలో ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నాయి.

ఆ ఏర్పాట్లలో అగ్రతాంబూలం కస్టమ్స్‌వారి కంటికి ఇవ్వాలి. ఇతర దేశాల సుంకాధికారులు ఇనుప పెట్టె తెరవకుండానే కిరణాలు పంపి లోపలున్నది చూసేస్తామంటారు. ఆ అమర్యాద తమ వద్ద కొంతకాలమే సాగింది. గుత్తకు తీసుకున్న కంపెనీలు స్కానర్లు తెచ్చి నడిపి, 2013 డిసెంబరులో వాటిని కస్టమ్స్‌వారి చేతుల్లో పెట్టాయి. అధికారుల సాంగత్యం దొరికాక ఆ యంత్రాలకు వైరాగ్యం కలిగింది; ఒకదాని వెంట ఒకటి మౌనవ్రతం పట్టాయి. అప్పటినుంచి కంటైనరు తలుపు తీసి, సరుకు నేల మీద పరచి, అట్టపెట్టె అట్టపెట్టెగా కళ్ళారా చూసి, చేత్తో తడిమి, మళ్ళీ సర్దుకోమని ఆజ్ఞాపించే ప్రాచీన సంప్రదాయం పునఃప్రతిష్ఠ పొందింది. యంత్రం అబద్ధం ఆడదు గానీ యంత్రంతో మాట్లాడుకోవడానికి ఏముంటుంది? మనిషి ఎదురుగా ఉంటే మాటా మాటా కలుస్తుంది, పరిచయం పెరుగుతుంది, ప్రతి సమస్యకీ ఒక ధర దొరుకుతుంది.

చూపు ఒక్కరిదే అయితే పక్షపాతం రావచ్చని, కస్టమ్స్ తరువాత ప్రమాణాల సంస్థ, దాని తరువాత మందులూ ఆహారం చూసేవారు, మాదకద్రవ్యాల వేటగాళ్ళు, మొక్కల జబ్బులు చూసే క్వారంటైన్‌వారు, పోలీసులు, గూఢచారి శాఖవారు తలా ఒకసారి చూస్తారు. అందరూ కలిసి ఒకేసారి చూస్తే వాకిలి ఇరుకవుతుందని ఎవరి ముహూర్తం వారు పెట్టుకుంటారు. అన్ని సంతకాలూ పూర్తయి గేటు దాటిన పెట్టెను సైతం అనాథలా వదిలేయరు. దారిలో కస్టమ్స్‌కే చెందిన మరో దళం ఆపి, ‘నీకు ఇచ్చిన విడుదల నిజంగా విడుదలేనా’ అని మళ్ళీ విచారిస్తుంది. కన్నబిడ్డను అత్తారింటికి పంపే తల్లికైనా ఇంత పాశం ఉండదు.

2011లో నాటి ఆర్థిక మంత్రి ఎన్గోజీ ఒకోంజో-ఇవేలా రేవులో కాపురముంటున్న సర్కారు సంస్థల్ని దాదాపు సగానికి తగ్గించమని ఆజ్ఞాపించారు. ఆజ్ఞను తమరు శిరసావహించారు. కొంతకాలం తర్వాత శిరస్సు మామూలుగా పెట్టుకున్నారు. 2017 మే నెలలో నాటి ఉపాధ్యక్షులు ఒసిన్‌బాజో తాత్కాలిక అధ్యక్ష హోదాలో మళ్ళీ ఆజ్ఞ వెలువరించారు: దళారులు బయటికి పోవాలి, అపాపా రేవు రోజుకి 24 గంటలు పనిచేయాలి. ఈ రెండో భాగాన్ని తమరు అక్షరాలా పాటించారు. సరుకు నాటినుంచి రేయింబవళ్ళు 24 గంటలూ తమ ప్రాంగణంలోనే ఉంటోంది. ఇక ఒకోంజో-ఇవేలా గారు 2021లో ప్రపంచ వాణిజ్య సంస్థకే అధిపతి అయ్యారు. అపాపాను దిద్దడం కన్నా భూగోళాన్ని దిద్దడం సులువనిపించేలా చేయగల రేవుకి వేరే బిరుదులు ఎందుకు?

ఇంతవరకు చెప్పినవి అంగరంగ వైభోగాలు మాత్రమే. తమ అసలు విద్య వేరే ఉంది. సరుకు దింపి కూలి తీసుకునేవాడు సామాన్యుడు. దింపిన సరుకును కదలనివ్వకుండా, అది కదలలేదన్న కారణం చూపి కూలి తీసుకోవడం రసవాదం. పెట్టె దిగాక కొద్ది రోజులు ఉచితం. ఆ తరువాత నేల మీద నిలిచినందుకు టెర్మినల్‌వారు నిలవ రుసుం వేస్తారు. అదే రోజుకి, అదే పెట్టెకి, పెట్టె తిరిగి ఇవ్వనందుకు ఓడ కంపెనీవారు డెమరేజి వేస్తారు. తనిఖీ అధికారి రాలేదు, వచ్చాడు గానీ ఫైలు మరో బల్ల మీద ఉంది, ఫైలు కదిలింది గానీ సర్వరు పడుకుంది, సర్వరు లేచింది గానీ ఎవరో అలర్టు పెట్టారు, అలర్టు తీశారు గానీ లారీ లోపలికి రాలేదు: ఈ పుణ్యకాలమంతా మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఆలస్యం చేసిందెవరు అన్న చిల్లర ప్రశ్నకు ఆ బిల్లులో గడి ఉండదు. తీరా సరుకు గోదాములో దింపి ఖాళీ పెట్టె వెనక్కి తెస్తే, అదే రోడ్డు మీద అదే వరసలో అది ఆగి, గడువు దాటి, ముందుగా కట్టించుకున్న డిపాజిట్టును కూడా స్వామికార్యంలో సమర్పిస్తుంది.

ఇలా ఒక్క పెట్టె పుణ్యమా అని ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో చూడండి ప్రభూ. టెర్మినల్‌కి నిలవ, ఓడ కంపెనీకి డెమరేజి, క్లియరింగ్ ఏజెంటుకి పరిష్కార రుసుం, బల్ల మీది గుమాస్తాకి టీ ఖర్చు, గేటు దగ్గరి కుర్రాడికి దారి ఖర్చు, వంతెన కింది యూనిఫారానికి ఎండ ఖర్చు. సరుకు వేగంగా కదిలే దిక్కుమాలిన రేవుల్లో వీళ్ళంతా ఏమైపోవాలి? తమ అంగళ్ళలో అసలు సరుకు కాలమే. దాన్ని గంటల లెక్కన, రోజుల లెక్కన, గీచి గీచి అమ్మే వ్యాపారంలో తమకు పోటీ లేదు. ఈ దానధర్మాలకయ్యే మొత్తాన్ని చివరాఖరికి లాగోస్ బలోగున్ బజారులో పసిబిడ్డకు పాలపొడి డబ్బా కొనే ఆడమనిషి చెల్లిస్తుంది. ఆమె పేరు ఏ రసీదులోనూ ఉండదు. గుప్తదానానికి అంతటి ఫలం మరి దేనికీ లేదని పెద్దలు అంటారు.

గేటు దాటితే తమ కీర్తి వార్ఫ్ రోడ్డు మీదుగా, క్రీక్ రోడ్డు మీదుగా, ఇజోరా వంతెన ఎక్కి, మైల్ టూ దాకా పాకి ఉండేది. వేల ట్రైలర్లు ఒకదాని తోక మరొకటి పట్టుకుని, వంతెనల మీద రోజులూ వారాలూ నిలిచి, నిర్మాణ శాస్త్రానికి నిత్య పరీక్ష పెట్టేవి. డ్రైవర్లు లారీ కింద చాప పరచుకుని పడుకునేవారు; అక్కడే వండుకునేవారు, అక్కడే స్నానం, అక్కడే జ్వరం. భార్యాబిడ్డల మీది మమకారం తెంచుకోవడానికి పూర్వం హిమాలయాలకు పోవలసి వచ్చేది. తమరు నగరం నడిబొడ్డునే ఆ ఆశ్రమం నెలకొల్పారు. 2020 చివరినాటికి ఒక కంటైనరు చైనా నుంచి 12,000 నాటికల్ మైళ్ళు రావడానికి ఎంతవుతుందో, తమ గేటు నుంచి లాగోస్ ప్రధాన భూభాగానికి 20 కిలోమీటర్లు పోవడానికి దాదాపు అంతే, 4,000 డాలర్లకు పైన, అవుతోందని పత్రికలు రాశాయి. ఇరవై కిలోమీటర్లను మహాసముద్రాల సరసన కూర్చోబెట్టిన ఆ లెక్క చూసి మహానావికుడు మెజెల్లాన్ కూడా తలవంచేవాడు. అతనికి దారిలో ఎదురైనవి తుఫాన్లే కదా, ఇజోరా వంతెన కాదు.

2021 ఫిబ్రవరిలో ఎటో అనే ఈ-కాల్అప్ పద్ధతి వచ్చింది. లారీ ఇంటిదగ్గరే ఉండి ఫోన్లో వంతు తీసుకుని, పిలుపు వచ్చాకే బయలుదేరాలన్నారు. వంతెనలు ఖాళీ అయ్యాయి. అది చూసి కళ్ళు చెమర్చిన వృద్ధులున్నారు. కానీ కళాపోషకులు ఎక్కడున్నా దారి వెతుక్కుంటారు. వంతెన మీది చెక్‌పోస్టులు పక్కసందుల్లోకి సర్దుకున్నాయి, ఫోన్లో వంతుకి ఫోన్లోనే వెల పుట్టింది. సంప్రదాయానికి భంగం రాకుండా ఆధునికతను ఇముడ్చుకోవడం అంటే ఇదీ.

ఆ రోడ్డు మీద కంటైనర్లే ఉంటే శోభ సగమే. ఆఫ్రికాలో ముడిచమురు తీసే దేశాల్లో అగ్రగణ్యమైన నైజీరియా, తన సొంత రిఫైనరీల్ని ఏళ్ళ తరబడి విశ్రాంతి తీసుకోనిచ్చి, పెట్రోలును పరదేశాల నుంచి ఓడల్లో తెప్పించి, అపాపాలోనే డజన్లకొద్దీ ట్యాంకుల్లో నింపి, అక్కడి నుంచి దేశమంతటికీ ట్యాంకర్ లారీల్లో పంపుతూ వచ్చింది. కాబట్టి పిండి మోసే ట్రైలరూ పెట్రోలు మోసే ట్యాంకరూ ఒకే సన్న వంతెన మీద భుజం భుజం రాసుకుంటూ సమైక్యత చాటేవి. తూర్పున కాలబార్, వర్రి, పోర్ట్ హార్‌కోర్ట్ వంటి రేవులున్నాయి. వాటి కాలువల్లో ఇసుక మేటలు పెరుగుతున్నా ఎవరూ తొందరపడకపోవడం తమ ఏకచ్ఛత్రాధిపత్యం మీది గౌరవం కొద్దీనే.

ఇక పొరుగువారి పట్ల తమ ఔదార్యం! కర్ణుడు కవచకుండలాలు ఇచ్చాడని భారతం అంతటా చెప్పుకుంటాం. తమరు ఓడలే ఇచ్చారు. తమ నీటి లోతు 13 మీటర్ల పైచిలుకే కదా అని, పదహారు మీటర్లు దాటిన లోమే రేవు వైపు పెద్ద కంటైనరు ఓడల్ని మళ్ళించారు. జనాభా కోటికి చేరని టోగో దేశపు ఆ రేవు, గత దశాబ్దం మధ్యలో, కంటైనర్ల లెక్కలో లాగోస్‌నే దాటింది. పెద్ద ఓడ లోమేలో సరుకు దింపితే, చిన్న ఓడ దాన్ని ఎక్కించుకుని తమ దర్శనానికి తెస్తుంది. నైజీరియాకు వచ్చే పెట్టె రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగి, రెండు దేశాల కూలీల్ని పోషించి, ఆపైన తమ పాదాల వద్ద యథావిధిగా ఆగుతుంది.

బెనిన్‌కిచ్చిన వరం ఇంకా రుచికరమైనది. తమ రేవులో దిగే బియ్యం మీద సుంకం, లెవీ కలిసి ఒక దశలో 70 శాతం. భూమార్గాన బియ్యం రాకూడదని 2016లో నిషేధం. 2019 ఆగస్టు నుంచి 2020 డిసెంబరు దాకా సరిహద్దులే మూత. ఇంత కట్టుదిట్టం చేసేసరికి, కోటిన్నర జనాభా కూడా లేని బెనిన్ ప్రజలకు ఎక్కడలేని ఆకలీ పుట్టి, భారతదేశపు బాస్మతీయేతర బియ్యం కొనేవారి ముందు వరసలో ఏళ్ళ తరబడి నిలిచారు. వారి జీర్ణశక్తిని శంకించడం నా ఉద్దేశం కాదు. బెనిన్ రేవు కొతొనూలో దిగిన ఉప్పుడు బియ్యం రాత్రికి రాత్రే తోటదారుల గుండా తూర్పుకు నడిచి లాగోస్ పళ్ళాల్లో జొలోఫ్‌గా ఎలా తేలుతుందో దేవుడికెరుక. ఆ బియ్యానికి కట్టిన సుంకం మాత్రం బెనిన్ ఖజానాలో చల్లగా ఉంది. తన ప్రజలు తినే మెతుకు మీద పన్ను వసూలు చేసుకునే హక్కును పొరుగు రాజుకి ధారపోసిన దొర మరొకరున్నారా?

ఈ పుణ్యంలో మా కాకినాడకూ ఒక వాటా ఉందని చెప్పుకోవడానికి గర్విస్తున్నాను. అక్కడి యాంకరేజి రేవులో కూలీలు బార్జీల మీద బస్తాలు తీసుకెళ్ళి లోతునీళ్ళలో నిలిచిన ఓడలకెక్కిస్తారు. ఆ ఓడల్లో చాలావాటి ముఖం పశ్చిమాఫ్రికా వైపే. ఇక్కడి పేదల కోసం ఉద్దేశించిన రేషన్ బియ్యం కూడా అప్పుడప్పుడు, అక్కడి పేదలు గుర్తొచ్చి, ఉండబట్టలేక ఓడెక్కుతుందని ప్రతీతి. 2024 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ గారు స్వయంగా సముద్రం మీదికి వెళ్ళి, ‘సీజ్ ద షిప్’ అని ఆనతిచ్చారు. కొన్ని వారాల తర్వాత ఆ ఓడ సాగిపోయింది. అదే తమ నీళ్ళలోనైతే ప్రభూ, ఓడ నిలవడానికి ఎవరి ఆజ్ఞా అవసరమయ్యేది కాదు.

దిగుమతికి ఇంత ఆదరణ చేసే తమరు ఎగుమతిని చిన్నచూపు చూస్తారని లోకం అనుకోరాదు. జీడిపిక్కలు, నువ్వులు, అల్లం, కోకో మోసుకొచ్చిన లారీలకూ అదే రోడ్డు, అదే వరస, అదే ఓర్పు. పలాస బట్టీలవాళ్ళు పశ్చిమాఫ్రికా పిక్కల్ని తెప్పించుకునే సంగతి తమకు తెలిసినదే. కాల్చి, కొట్టి, తోలు తీసి పప్పు చేసే ఆ ఆడకూలీలకు పిక్క ఎండుగా రావాలి. తమ వాకిట వానలో నిలిచే లారీలో గోనెసంచీ కింద పిక్క చెమ్మ పీల్చుకుంటుంది. పప్పు రంగు మారితే ధర దిగుతుంది. ఆపేక్ష ఎక్కువైనచోట చెమ్మ ఉండడం సహజమే కదా. ఈ మమకారాన్ని తట్టుకోలేని కొందరు ఎగుమతిదార్లు సరిహద్దు దాటించి కొతొనూ నుంచో ఘనాలోని టేమా నుంచో ఓడెక్కిస్తున్నారని వింటున్నాం. తమ కీర్తికిరీటంలో అవీ రెండు రత్నాలే.

తమ ఆస్థాన బంధువర్గపు వైరాగ్యాన్ని స్మరించకపోతే కైవారం వెలితిగా ఉంటుంది. ఇంత సరుకు వచ్చిపోయే దేశానికి తన జెండా వేసుకున్న ఓడలు ఉండాలన్న చాపల్యంతో 1959లో నైజీరియా జాతీయ నౌకా సంస్థ పుట్టింది. ఓడలు కొన్నారు, అప్పులు చేశారు, పరదేశపు రేవుల్లో బాకీల కింద ఓడలు జప్తయ్యాయి, 1995లో సంస్థనే మూసి నిశ్చింతగా ఒడ్డున కూర్చున్నారు. తరువాత 2003లో కేబటాజి చట్టం వచ్చింది. తీర రవాణా ఒప్పందాల విలువలో 2 శాతం పోగుచేసి, దేశీయ ఓడ యజమానులకు అప్పుగా ఇవ్వాలని అందులో రాశారు. పోగుచేయడం అనే మొదటి సగాన్ని కడు శ్రద్ధగా నెరవేర్చారు. ఇవ్వడం అనే రెండో సగంలో తొందర పనికిరాదని రెండు దశాబ్దాలు ఆలోచించారు. ఓడ కొన్నవాడికి ఓడ మునుగుతుందన్న భయం ఉంటుంది. ఇవ్వని అప్పుకి ఏ తుఫానూ రాదు.

ఇటువంటి తమకు వారసుడు లేడన్న దిగులు కూడా తీరింది. నగరానికి తూర్పున లెక్కీలో పదహారున్నర మీటర్ల లోతుతో, ఆకాశమంటే క్రేన్లతో, 2023 జనవరిలో యువరాజావారి పట్టాభిషేకం జరిగింది. లోమే వైపు మళ్ళే మహానౌకలు ఇక నేరుగా ఇంటికే వస్తాయని, అపాపా రోజులు చెల్లాయని తొందరపాటువాళ్ళు కొందరు అన్నారు. వారు జాతకం చూడలేదు. యువరాజావారికి ఓడలు వచ్చే దారి సముద్రమంత వెడల్పుగా ఏర్పాటైంది. సరుకు పోయే దారిగా మాత్రం రైలు లేకుండా, ఒక్క రోడ్డు అమర్చారు. అదే రోడ్డు పక్కన మహా రిఫైనరీ లేచింది, ట్యాంకర్లు వచ్చాయి, ట్రైలర్లు వచ్చాయి, ఊరి జనం కార్లూ అందులోనే ఉన్నాయి. 2025లో అక్కడా ఈ-కాల్అప్ పెట్టి, లారీకి ఇంత అని రుసుం విధించారు. ఎంతన్న దగ్గర సంఘాలవారితో కొంత బేరం నడిచింది గానీ, ఉండాలన్న దగ్గర యువరాజులో తండ్రి పోలిక కొట్టొచ్చినట్టు కనిపించింది.